తిరుపతిలో ధర్నా: హక్కు వదులుకోకుండా, దారి ఆపకుండా చేయడం ఎలా?

మీ కాలనీకి నెలల తరబడి మంచినీళ్లు సరిగా రావడం లేదు. లేదా తోతాపురి మామిడికి చెప్పిన ధర ఒకటి, చేతికిచ్చింది ఒకటి. లేదా కాంట్రాక్టు కార్మికులైన మీకు జీతాలు బకాయి పడ్డాయి. ఆఫీసుల చుట్టూ తిరిగారు, అర్జీలు ఇచ్చారు, ఇక రోడ్డెక్కుదామని నిర్ణయించుకున్నారు. అక్కడి నుంచి ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19(1)(బి) కింద ప్రతి పౌరుడికీ ఉంది. శాంతిభద్రతల కోసం ఆ హక్కుపై సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని 19(3) చెబుతుంది. రోజూ వేలమంది భక్తులు వచ్చిపోయే తిరుపతిలో 'శాంతిభద్రతల సమస్య' అన్న మాట పోలీసుల నోట త్వరగా వస్తుంది. కొన్నిసార్లు అది నిజమైన కారణమే. కొన్నిసార్లు సాకు. ఏది ఏదో తేలాలంటే మీ ఏర్పాట్లు పక్కాగా ఉండాలి. అంబులెన్సుకు దారి, మైకుకు పరిమితి, జనానికి లెక్క మీరే ముందుగా చూసుకుంటే, కాదనడానికి ఎదుటివాళ్ల దగ్గర మిగిలే కారణాలు చాలా తక్కువ.

రోడ్డు కంటే ముందు కాగితం

మీ డిమాండ్ ఒక్క పేజీలో రాయండి. ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఆ పని ఎవరి చేతిలో ఉంది అన్న మూడూ అందులో ఉండాలి. మూడోది చాలామంది వదిలేస్తారు. నీళ్ల సమస్య నగరపాలక సంస్థదైతే కలెక్టరేట్ ముందు కూర్చుని లాభం లేదు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ గొడవకు ఎమ్మార్వో ఆఫీసు ముట్టడించినా అంతే.

ఆ కాగితాన్ని సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు పోలీసులైనా, కోర్టయినా మొదట అడిగేది 'దీనికి ముందు ఏం చేశారు' అనే. ఆ రసీదు నంబరే మీ జవాబు. తిరుపతి కలెక్టరేట్ తిరుచానూరు పద్మావతి నిలయంలో ఉంది. జిల్లా విడిపోయింది 2022 ఏప్రిల్ 4న అయినా, పాత అలవాటుతో చిత్తూరుకు అర్జీలు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ఒకసారి చూసుకోండి.

ఏ రూపంలో నిరసన తెలపాలి?

మీ దగ్గర ఎంతమంది ఉన్నారు, ఎన్ని రోజులు నిలబడగలరు అన్నదాన్ని బట్టి రూపం ఎంచుకోండి. 30 మందే ఉంటే ప్లకార్డులతో మానవహారం చాలు. రోజుకు అయిదారుగురు చొప్పున నెల రోజులు కూర్చోగలిగితే రిలే నిరాహార దీక్షలకు మించినది లేదు. ట్రాఫిక్ ఆగదు, పత్రికల్లో రోజూ ఓ వార్త వస్తుంది, అధికారి రోజూ ఆ టెంటు ముందు నుంచే ఆఫీసుకు వెళ్లాలి.

ఆమరణ దీక్ష విషయంలో మాత్రం జాగ్రత్త. ప్రభుత్వ ఉద్యోగి విధులను అడ్డుకోవాలని లేదా ఒత్తిడి తేవాలని ఆత్మహత్యకు ప్రయత్నిస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 226 కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. ఆమరణ దీక్షకు కూర్చున్నవాళ్లపై ఈ సెక్షన్ ప్రయోగించే వీలుంది. అంతకంటే పెద్ద సంగతి ఆరోగ్యం. షుగర్, బీపీ ఉన్నవాళ్లను ఆవేశంలో అలా కూర్చోబెట్టకండి.

రాస్తారోకోను నేను సిఫార్సు చేయను. దారికి అడ్డం పెడితే న్యాయ సంహిత 285 కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ డబ్బు అటుంచండి. మీరు ఆపిన బస్సులో ఉన్నవాళ్లకూ మీ సమస్యకూ సంబంధం లేదు. ఆ అరగంటలో వాళ్లు మీకు దూరమవుతారు. బంద్ సంగతి ఇంకా స్పష్టం: బలవంతపు బంద్‌లు రాజ్యాంగ విరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో తీర్పు ఇస్తే సుప్రీంకోర్టు అదే ఏడాది సమర్థించింది. షాపు మూయమని అడగడం మీ హక్కు. షట్టరు మీరే లాగితే అది నేరం.

చోటు, రోజు

ఈ ఊళ్లో సగం గొడవలు చోటు తప్పుగా ఎంచుకోవడం వల్లే వస్తాయని నా అభిప్రాయం.

రుయా, స్విమ్స్, ప్రసూతి ఆసుపత్రి అన్నీ అలిపిరి వైపే దగ్గరదగ్గరగా ఉన్నాయి. రాయలసీమ నలుమూలల నుంచి, నెల్లూరు వైపు నుంచి అంబులెన్సులు అక్కడికే వస్తాయి. కొండకు వెళ్లే బస్సులదీ అటే దారి. అక్కడ పది నిమిషాలు రోడ్డు ఆగినా ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పలేం. మీ సమస్య ఆ ఆసుపత్రిదే అయినా సరే, గేటుకు దూరంగా, మైకు లేకుండా నిలబడండి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది.

గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, నాలుగు కాళ్ల మండపం దగ్గర ర్యాలీ బాగా కనిపిస్తుంది, నిజమే. అక్కడ రోడ్డు ఇరుకు. గోవిందరాజస్వామి ఆలయానికి, రైల్వే స్టేషన్‌కు వెళ్లే యాత్రికులు లగేజీతో, పిల్లలతో ఆ దారుల్లోనే నడుస్తారు. ర్యాలీ తప్పనిసరైతే రోడ్డుకు ఎడమవైపు ఇద్దరు ముగ్గురు చొప్పున వరుసలో నడవండి. ధర్నా అయితే ఆర్డీవో కార్యాలయం, నగరపాలక సంస్థ కార్యాలయం, కలెక్టరేట్ లాంటి చోట్ల గేటు వదిలి పక్కన కూర్చోండి. చిత్తూరులో గాంధీ విగ్రహం కూడలి అలవాటైన చోటు. వేలూరు సీఎంసీకి రోగుల్ని తీసుకెళ్లే బండ్లు ఊళ్లో ఏ దారిన పోతున్నాయో అక్కడివాళ్లకు తెలుసు, ఆ దారి మాత్రం ఖాళీగా ఉంచండి.

తిరుమల కొండపై వద్దే వద్దు. కొండపై రాజకీయ వ్యాఖ్యలు చేయకూడదని టీటీడీ బోర్డు 2024 నవంబర్‌లో తీర్మానించింది. ఆ తీర్మానం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ని. దర్శనానికి వచ్చినవాళ్ల ముందు మన గొడవ పెట్టకూడదు.

రోజు ఎంచుకునేటప్పుడు బ్రహ్మోత్సవాలు, ముఖ్యంగా గరుడ సేవ రోజు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం వదిలేయండి. పోలీసులంతా బందోబస్తులో ఉన్న రోజు అనుమతి అడిగితే రాదు, రాకపోవడంలో న్యాయం కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఉదయం 8 నుంచి 11 లోపు ముగించండి. ఈ ఎండలో మధ్యాహ్నం పెద్దవాళ్లను తారురోడ్డు మీద కూర్చోబెట్టడం తప్పు.

అనుమతి దరఖాస్తు

పోలీసు చట్టం 1861లోని సెక్షన్ 30 కింద సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేసే అధికారం ఎస్పీకి, డీఎస్పీకి ఉంది. 'సెక్షన్ 30 అమల్లో ఉంది' అని ప్రకటన వస్తే అన్నీ నిషేధం అని అర్థం చేసుకోకండి. ముందుగా అనుమతి తీసుకోవాలని అర్థం. ఆ లైసెన్సుకు ఫీజు వసూలు చేయకూడదని ఆ సెక్షన్‌లోనే ఉంది.

దరఖాస్తు వీలైతే వారం ముందు ఇవ్వండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అదే రోజు ఈమెయిల్ కూడా చేయండి. టెంటు నగరపాలక సంస్థ స్థలంలో వేస్తే కమిషనర్ అనుమతి వేరుగా అడగాలి. లేఖ ఇలా ఉంటే చాలు:

"సబ్ డివిజనల్ పోలీసు అధికారి గారికి. విషయం: శాంతియుత ధర్నాకు అనుమతి కోరుతూ.
అయ్యా, మా కాలనీ నీటి సమస్యపై ఫలానా తేదీన కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం (రసీదు నంబరు జతచేశాం). పరిష్కారం కానందున ఫలానా తేదీన ఉదయం 9 నుంచి 11 గంటల వరకు ఫలానా చోట ధర్నా చేయదలచాం. సుమారు 80 మంది పాల్గొంటారు. ఒక చిన్న మైకు వాడతాం. రోడ్డు మీద కూర్చోం, ఆఫీసు గేటుకు అడ్డం రాం. అంబులెన్సు వస్తే దారి ఇచ్చేందుకు నలుగురు వాలంటీర్లు ఉంటారు. బాధ్యులుగా ఈ కింద సంతకం చేసిన ముగ్గురి ఫోన్ నంబర్లు ఇస్తున్నాం. ఈ చోటు లేదా సమయం కుదరదనుకుంటే ప్రత్యామ్నాయం సూచిస్తూ, కారణాలతో రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఆ చివరి వాక్యం మాత్రం తీసేయకండి. నోటిమాటగా 'కుదరదు' అంటే దాన్ని ఎక్కడా ప్రశ్నించలేరు. కాగితం మీద కారణం రాస్తే ఆ కారణం నిలబడుతుందో లేదో చూడవచ్చు. సంఖ్య విషయంలో నిజం చెప్పండి. 80 అని రాసి 800 మందిని తెస్తే, వచ్చేసారి మీ సంతకానికే కాక పక్క కాలనీవాళ్ల సంతకానికి కూడా విలువ ఉండదు.

వాళ్లు కాదంటే

షరతులు పెడితే ముందు ఒప్పుకోగలిగినవి ఒప్పుకోండి. సమయం కుదించడం, చోటు కొద్దిగా మార్చడం, జనాన్ని తగ్గించడం లాంటివి సహేతుకమే. నినాదాలు ఏమివ్వాలో వాళ్లే రాసిస్తామంటే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

'144 పెట్టాం' అంటారు. జనం ఇప్పటికీ అలాగే అంటున్నా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో ఉన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 163. తిరుపతి పోలీసు కమిషనరేట్ కాదు కాబట్టి ఇక్కడ ఆ ఉత్తర్వు ఇచ్చేది కలెక్టర్, ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లు. కాపీ అడిగి తీసుకుని చదవండి. ఏ ప్రాంతానికి, ఏ తేదీ వరకు, ఎందుకు అన్నవి అందులో ఉండాలి. మేజిస్ట్రేట్ ఉత్తర్వు 2 నెలలకు మించి అమల్లో ఉండదు. సడలించమని లేదా రద్దు చేయమని అదే అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇలాంటి ఉత్తర్వులు కారణాలు లేకుండా, మళ్లీ మళ్లీ ఇస్తూ పోవడం అధికార దుర్వినియోగమని 2020 జనవరిలో అనూరాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పటికీ కాదంటే హైకోర్టు ఉంది. తేదీ దగ్గరపడితే లాయర్లు లంచ్ మోషన్ (అత్యవసరంగా అదే రోజు విచారించమని కోరే పిటిషన్) వేస్తారు. ఇది పెద్ద పార్టీల పని అనుకోకండి. తుళ్లూరు నుంచి 2021 నవంబర్ 1న బయల్దేరిన అమరావతి రైతుల పాదయాత్ర డిసెంబర్‌లో తిరుపతి చేరినప్పుడు ఇక్కడ సభకు పోలీసులు ఒప్పుకోలేదు. హైకోర్టు షరతులతో అనుమతి ఇచ్చింది, డిసెంబర్ 17న సభ జరిగింది. అలాగే 2022 డిసెంబర్ 28న కందుకూరులో తొక్కిసలాటలో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో 3 మంది చనిపోయాక, రోడ్లపై సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చింది. కారణం చిన్నది కాదు, 11 ప్రాణాలు. అయినా ఆ జీవోను హైకోర్టు 2023 మే 12న కొట్టేసింది. రోడ్ల మీద సభలను క్రమబద్ధం చేయవచ్చు, పూర్తిగా నిషేధించే అధికారం చేతిలో పెట్టుకోకూడదన్న సూత్రం 1972లో హిమ్మత్‌లాల్ కేసు నుంచే ఉంది. అదే సమయంలో, రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం హక్కు కిందికి రాదని 2020 అక్టోబర్‌లో షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీ వాదనకు పనికొచ్చే తీర్పును మాత్రమే కాకుండా ఆ రెండో తీర్పును కూడా మీ వాళ్లకు చదివి వినిపించండి.

ఆ రోజు

ప్రతి 20 మందికి ఒక వాలంటీర్‌ను పెట్టుకోండి. వాళ్లకు ఒకే రంగు చొక్కానో, చేతికి గుడ్డ పట్టీనో ఉండాలి. వాలంటీర్లుగా ఆవేశపరుల్ని పెట్టకండి, మాట మెత్తగా ఉన్నవాళ్లను పెట్టండి. మహిళలు ఎక్కువగా వస్తుంటే మహిళా వాలంటీర్లు తప్పనిసరి. నీళ్లు, ఓఆర్‌ఎస్, దగ్గర్లో మరుగుదొడ్డి ఎక్కడో ముందే చూసి పెట్టుకోండి.

జనం ఇరుకులో నిలబడకుండా చూడటం అన్నింటికంటే ముఖ్యం. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తుల్లో 6 మంది ఈ ఊళ్లోనే తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. అక్కడ ఎవరూ గొడవకు రాలేదు, అందరూ దేవుడి కోసం వచ్చినవాళ్లే. ఒక గేటు, ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చిన జనం, అంతే. కాబట్టి 'అధికారి వచ్చారు, అందరూ రండి' అని మైకులో ఎప్పుడూ పిలవకండి. వినతిపత్రం ఇవ్వడానికి అయిదుగురి పేర్లు ముందే నిర్ణయించి, వాళ్లను మాత్రమే పంపండి.

అంబులెన్సు సైరన్ వినగానే నినాదం ఆగాలి, జనం రెండువైపులా జరగాలి. దీన్ని ధర్నా మొదలుపెట్టే ముందు ఒకసారి అందరితో చేయించి చూడండి. అలవాటు లేకపోతే జనం కంగారుపడి అడ్డదిడ్డంగా జరుగుతారు.

ముఖం తెలియనివాళ్లు గుంపులో చేరి రెచ్చగొడుతుంటే వాలంటీర్లు వాళ్ల చుట్టూ నిలబడాలి, చేయి చేసుకోకూడదు. బందోబస్తులో ఉన్న ఎస్సైకి చెప్పాలి, ఫోన్‌లో వీడియో తీయాలి. ప్రభుత్వ ఆస్తికి నష్టం జరిగితే 1984 నాటి ప్రత్యేక చట్టం వర్తిస్తుంది. పిలుపునిచ్చిన నాయకుల మీద కూడా నష్టపరిహారం బాధ్యత పెట్టవచ్చని 2009లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. దిష్టిబొమ్మ దహనం వద్దు. పెట్రోలు, గాలి, సింథటిక్ చీరలు ఒకచోట ఉండకూడదు.

బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్‌తో మర్యాదగా ఉండండి. ఆయన జీతమూ, ఆయన కాలనీ నీళ్లూ మీలాంటివే. తోపులాట జరిగితే న్యాయ సంహిత 132 కింద, అంటే విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై బలప్రయోగం అని, నాన్ బెయిలబుల్ కేసు పడుతుంది. చేతులు కట్టుకుని కూర్చున్నవాడి మీద ఆ సెక్షన్ పెట్టడం కష్టం.

పోలీసు మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. గుమికూడినవాళ్లను కాపాడటం కూడా శాంతిభద్రతల పనే. ధర్నాకు పదిమీటర్ల బారికేడ్ పెట్టి చోటు చూపిస్తే, అందరినీ వ్యానెక్కించే శ్రమ తప్పుతుంది.

వెళ్లిపొమ్మంటే, అరెస్టు చేస్తే

సురక్షా సంహిత 148 ప్రకారం శాంతికి భంగం కలిగే అవకాశం ఉందనిపిస్తే, అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న గుంపును చెదిరిపొమ్మని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ, స్టేషన్ ఇన్‌ఛార్జి గానీ ఆదేశించవచ్చు. ఆ ఆదేశం వస్తే బాధ్యులు మైకు తీసుకుని, సమయం చెప్పి, అభ్యంతరం నమోదు చేసి, జనాన్ని క్రమంగా పంపించేయండి. ఉత్తర్వు తప్పైతే దాన్ని కోర్టులో తేల్చుకోవచ్చు. లాఠీల మధ్య పడిపోయిన పెద్దావిడ తుంటి ఎముకను కోర్టు అతికించలేదు. మిగిలిపోవాలని కొందరు నిర్ణయించుకుంటే అది వాళ్ల ఇష్టపూర్వకంగా, ముందే తెలిసి ఉండాలి. పిల్లలు, ఆరోగ్యం బాగాలేనివాళ్లు మాత్రం ఆ జాబితాలో ఉండకూడదు.

ముందురోజు రాత్రే ఇంటికొచ్చి 'బయటికి రాకండి, హౌస్ అరెస్ట్' అంటే, ఏ సెక్షన్ కిందో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ముందస్తు అరెస్టుకు సాధారణంగా వాడేది సురక్షా సంహిత 170. నేరం జరగబోతోందన్న సమాచారం ఉండాలి, వేరే విధంగా ఆపడం కుదరని పరిస్థితి ఉండాలి. ఆ సెక్షన్ కింద 24 గంటలకు మించి ఉంచకూడదు.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మీరు చెప్పిన బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి, లాయర్‌ను కలవనివ్వాలి. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళలను అరెస్టు చేయకూడదు. ఉచిత న్యాయసాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. ఈ నంబరును, మీ లాయర్ నంబరును అరచేతిలో పెన్నుతో రాసుకోమని అందరికీ చెప్పండి, ఫోన్లు ముందే తీసేసుకోవచ్చు. ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. సొంత పూచీకత్తు మీద వదిలేటప్పుడు ఇచ్చే కాగితాన్ని మొత్తం చదివాకే సంతకం పెట్టండి.

మర్నాడు

ధర్నా చేసిన చోట వాటర్ ప్యాకెట్లు, కాగితాలు, తాళ్లు అదే రోజు ఎత్తేయండి. వినతిపత్రం తీసుకున్న అధికారి పేరు, హోదా, ఇచ్చిన హామీ, గడువు రాసి, అదే అధికారికి ఉత్తరంగా పంపండి. 'మీరు ఇలా హామీ ఇచ్చారు' అని రాసిన ఉత్తరాన్ని ఎవరూ ఖండించకపోతే, రేపు ఆ హామీ ఇవ్వలేదని అనడం కష్టం. గడువు దాటితే సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు ఎంతవరకు వచ్చిందో అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కేసు పెట్టారేమో కనుక్కోండి. సున్నితమైనవి తప్ప ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి పోలీసు సైట్‌లో చూడండి, లేకపోతే స్టేషన్‌లో కాపీ అడగండి. అందులో న్యాయ సంహిత 223, అంటే ఉత్తర్వు ఉల్లంఘన ఉంటే మీ లాయర్‌కు వెంటనే చూపించండి. ఆ నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారి, ఆయన పైఅధికారి లేదా ఆయన అధికారమిచ్చిన మరో అధికారి రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలని సురక్షా సంహిత 215 చెబుతుంది. అలాంటి ఫిర్యాదు లేకుండా నడిచే కేసును కొట్టేయమని హైకోర్టును అడగవచ్చు. సమన్లు వస్తే మాత్రం వాయిదాకు తప్పకుండా హాజరవండి. వెళ్లకపోతే వారెంటు వస్తుంది, అప్పుడు చిన్న కేసు కాస్తా పెద్దదవుతుంది.